కళ్ళు పైకెత్తితే అవును

మధ్యాహ్నం పూట ముందుగదిలో ఆమె స్కూలు యూనిఫారాలకు కాజాలు తీస్తూ ఉండగా కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది, కుట్టు మిషను ఆగింది. ఆమెకు అవేవీ పట్టలేదు. చెవులు రెండూ లోపలి గది మీదే ఉన్నాయి. అక్కడ భర్త గొంతుకు తగిలించిన ఊపిరి మిషను ఇలాంటప్పుడు బ్యాటరీ మీద నడవాలి. కాసేపు నడిచింది కూడా... ఆ తరవాత కీచుమని అరిచి ఊరుకుంది.

చేతిలో చొక్కా ఎక్కడ పారేసిందో, లోపలికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. మంచం పక్కన అత్తగారు నిలబడి కొడుకు ఛాతీ మీద చేయి పెట్టి వణికిపోతోంది.

"అమ్మాయ్, వీడికి ఊపిరి ఆడటం లేదే... ఏదో ఒకటి చెయ్యవే..."

మిషను గొట్టాన్ని ఊడదీసి, గోడకు వేలాడుతున్న రబ్బరు గాలిబుడ్డను అతని గొంతుకు తగిలించి ఆమె చేత్తో నొక్కడం మొదలుపెట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజున నర్సు నేర్పిన పని ఇది. నొక్కాలి, వదలాలి, ఛాతీ లేచిందో లేదో చూసుకోవాలి. అతని పెదాలకు పట్టిన నీలం మెల్లగా విరిగింది. అప్పుడు అతను కళ్ళు తెరిచి సూటిగా ఆమెనే చూశాడు. చూసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన భాష అది. కళ్ళు పైకెత్తితే అవును. కళ్ళు మూసుకుంటే కాదు, వద్దు. మెడ కిందనుంచి వేలి కొసల దాకా కదలడం మానేసిన మనిషికి మిగిలిన మాటలు ఆ రెండే.

వద్దు అంటున్నాడు. ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టే మొహం పక్కకు తిప్పుకుని నొక్కుతూనే ఉంది. వేళ్ళు కొంకర్లు పోయాయి, భుజం పట్టేసింది. ఎంతసేపు నొక్కిందో ఏమో, ఫ్యాను గిర్రున తిరిగి మిషను మళ్ళీ బుసకొట్టే వేళకు ఆమె మంచం కోడును పట్టుకుని నేల మీద కూలబడిపోయింది. అత్తగారు కోడలి తల నిమురుతూ, "నా బిడ్డను నిలబెట్టావు తల్లీ... నీ రుణం తీర్చుకోలేను" అంటూ ఏడ్చింది. ఆ మాట ఆమెకు చల్లగా తగలవలసింది. ఎందుకో చురుక్కుమంది.

సాయంత్రం కూతురు కాలేజీ నుంచి రాగానే తండ్రి దగ్గర అక్షరాల అట్ట పట్టుకుని కూర్చుంది. అచ్చులు ఒక వరుస, హల్లులు కొన్ని వరుసలు, పక్కన గుణింతాలు. ఆ పిల్లే గీసింది దాన్ని. వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ పోతే తండ్రి కావలసిన చోట కళ్ళు పైకెత్తుతాడు. అలా ఒక్కో అక్షరమే కూడి మాటవుతుంది.

"ఎ... ఎందుకు... నొ... నొక్కా..." అని కూడబలుక్కున్న పిల్ల, ఆఖరి అక్షరం దగ్గర ఆగిపోయింది. అట్ట ఒళ్ళో పెట్టుకుని తల్లి వైపు చూసింది. "అమ్మా, నాన్న ఏం అడుగుతున్నారు?"

"ఏం లేదు. నువ్వెళ్ళి మొహం కడుక్కో" అంది ఆమె.

*

అతన్ని వీధిలో అందరూ మాస్టర్ అనే పిలిచేవారు. కటింగ్ మాస్టర్. గుడ్డ మీద సుద్దముక్క పెట్టాడంటే రెండోసారి గీత గీయాల్సిన పని ఉండేది కాదు. కోటు కుట్టించుకున్నవాడు అద్దంలో చూసుకుని, "నా భుజాలు ఇంత బాగుంటాయని నాకే తెలీదు మాస్టర్" అంటే, "భుజాలు మీవి కావు, నావి. జాగ్రత్తగా తొడుక్కోండి" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. ఆయనే నేర్పాడు. ఆయన కత్తిరిస్తే ఆమె కుట్టేది. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. ఇరవై ఏళ్ళకు పైగా అంతే. పెద్ద సుఖాలు లేవు కానీ, నవ్వు లేని రోజు లేదు.

ఒకరోజు కత్తెర జారింది. ఖరీదైన ఉన్ని గుడ్డ మధ్యలో వంకర కోత పడింది. "గుడ్డకి ఎక్కిళ్ళు వచ్చినట్టున్నాయి" అని నవ్వేశాడు. తరవాత బొత్తాం పెట్టుకోలేకపోయాడు. తరవాత మెట్టు దిగలేకపోయాడు. కండరాలకు కబురందించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బని, దీనికి మందు లేదని పెద్దాసుపత్రిలో చెప్పారు. మనసుకు, తెలివికి ఏమీ కాదన్నారు. దాన్ని మంచి కబురుగా చెప్పారు వాళ్ళు.

ఒక చలికాలం ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, ఊపిరందక కొట్టుకుంటుంటే ఆసుపత్రికి పరిగెత్తారు. ఊపిరి కోసం నోట్లోంచి గొట్టం వెయ్యాలా వద్దా అని అక్కడ ఎవరో అడిగారు. అడిగింది ఆమెను. అతన్ని అడిగే వ్యవధి లేదు. వెయ్యండి అంది. ఏ భార్య మాత్రం ఇంకోలా అంటుంది? నిమ్ము తగ్గాక తీసేస్తాం అన్నారు. నిమ్ము తగ్గింది కానీ, సొంతంగా ఊపిరి తీసుకునే బలం తిరిగి రాలేదు. గొంతుకు రంధ్రం పెట్టి గొట్టాన్ని అక్కడికి మార్చారు. మిషను ఇంటికి వచ్చింది. రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళలో కఫం లాగడం, పక్క తిప్పడం, పొట్ట గొట్టంలో జావ పోయడం, పుళ్ళు పడకుండా వీపుకు పౌడరు అద్దడం... అన్నీ ఆమే. మధ్య మధ్య వచ్చి కుట్టు మిషను మీద కూర్చుని నాలుగు కుట్లు వేసుకోవడం. మళ్ళీ లోపలికి పరిగెత్తడం.

కరెంటు పోయిన నాటి నుంచి అతను అట్ట మీద ఒకటే మాట అడుగుతున్నాడు. "చాలు. తీసేయమను." కూతురు ఇంట్లో లేనప్పుడు చూసి, ఆమె ఒక్కతే అట్ట పట్టుకున్నప్పుడు మాత్రమే అడుగుతున్నాడు. వినీ విననట్టు ఎన్నాళ్ళుంటుంది? చివరకు ఒకరోజు పరీక్ష చేయడానికి ఇంటికొచ్చిన డాక్టరమ్మను ముందుగదిలోకి పిలిచి, గుడ్డల తాను వెనక నిలబడి గుసగుసగా చెప్పింది.

"ఆయన వెళ్ళిపోతానంటున్నారమ్మా. ఏదైనా... సూది లాంటిది..." మిగతాది నోరు దాటి రాలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"ప్రాణం పోయే సూది ఇమ్మంటే ఇవ్వనమ్మా. చట్టం ఒప్పుకోదు, చట్టం ఒప్పుకున్నా నా చెయ్యి రాదు. కానీ ఆయన అడుగుతున్నది అది కాదేమో. తనకి వద్దనిపించిన వైద్యాన్ని ఆపమంటున్నారు. తెలివిలో ఉన్న మనిషి వద్దంటున్న మిషనుని ఆయన మీద బలవంతంగా నడిపే హక్కు నాకు లేదు. ఆపితే ఆయనకి ఆయాసం తెలియకుండా మందిచ్చి పక్కన కూర్చుంటాను. చంపడానికి కాదు, బాధ తెలియకుండా ఉండటానికి. జబ్బు తన దారిన తాను పోతుంది. రెండిటికీ తేడా ఉంది."

"ఏం తేడా అమ్మా? ఎలా చేసినా మనిషి మిగలడుగా."

"మిగలరు" అంది డాక్టరమ్మ. "ఆ తేడా నాకు స్పష్టంగా కనిపించే రోజులున్నాయి, కనిపించని రోజులున్నాయి. మాకు ప్రాణం నిలబెట్టడం నేర్పారు కానీ, ఎక్కడ చెయ్యి తియ్యాలో సరిగ్గా ఎవరూ నేర్పలేదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అంతకంటే ముందు నేనొకటి తెలుసుకోవాలి. దిగులుతో అడుగుతున్నారా? ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉండి అడుగుతున్నారా? లేకపోతే మీరు అలసిపోతున్నారని అడుగుతున్నారా? వాటిలో ఏది ఉన్నా ముందు దాని సంగతి చూద్దాం. మిషను సంగతి తరవాత."

ఆఖరి మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. తను అలసిపోవడం నిజం. మంచం పక్కన నిలబడే కునికిపాట్లు పడటం నిజం. భర్త కోరికను డాక్టరమ్మకు చేరవేసిందా, తన మనసులో ఏ మూలో దాగిన కోరికకు భర్త మాటను అడ్డం పెట్టుకుందా? ఎంత తడుముకున్నా ఆమెకు తేలలేదు.

తలెత్తేసరికి తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. అంతా వింది.

*

అత్తగారు కేకలు వేసే మనిషి కాదు. ఆ రోజూ వెయ్యలేదు. డాక్టరమ్మ కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తలుపు వేసి, కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

"వాడికి ఊపిరి పోసింది దేవుడు. తొమ్మిది నెలలు మోసి కన్నది నేను. నీకెవరిచ్చారే ఆ హక్కు?"

"నాకు హక్కుందని అనలేదత్తయ్యా... ఆయనే అడుగుతున్నారు."

"ఆ అట్ట మీద ఏం రాస్తున్నారో నాకేం తెలుసు? నాకు చదువు రాదుగా. మీరిద్దరూ వేలు పెట్టి చూపిస్తారు, మీరే చదువుతారు. నా కొడుకు నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు."

అత్తగారి మాటలో అబద్ధం లేదు. ఆ ముసలావిడకూ కొడుకుకూ మధ్య ఉన్నవి అవునూ కాదూ మాత్రమే. ఆకలేస్తోందా నాన్నా, చలిగా ఉందా, దేవుణ్ణి తలుచుకున్నావా... రెండేళ్ళుగా అవే ప్రశ్నలు, వాటికి కొడుకు కళ్ళతో చెప్పే జవాబులు.

ఆ సాయంత్రమే అత్తగారు తన కుర్చీని లోపలి గదిలోకి ఈడ్చుకుని వెళ్ళి, ఊపిరి మిషను ప్లగ్గు ఉన్న గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఆ రోజు నుంచి అదే ఆమె చోటు. తిండి అక్కడే, జపం అక్కడే, చాప వేసుకుని పడుకోవడమూ అక్కడే. కోడలు గది తుడవడానికి వస్తే కాళ్ళు పైకెత్తేది కానీ కుర్చీ దిగేది కాదు. కోడలితో మాట మానేసింది.

మర్నాడు మాస్టర్ కూతురికి అట్ట మీద చెప్పాడు. "నానమ్మని జరగమను. షాక్ కొడుతుంది."

పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపులోకి జారిపోయి, తండ్రి చేతి మీద మొహం పెట్టుకుంది. ఆ పిల్లకు అప్పటికే అంతా తెలుసు. ఎవరూ చెప్పలేదు. చిన్న ఇల్లు, పల్చటి గోడలు.

అత్తగారు మందిరానికి కబురు పెట్టి గురువుగారిని పిలిపించింది. ఆ కుటుంబాన్ని ఎప్పటి నుంచో ఎరిగిన ముసలాయన. ఈ ఇంటి పెళ్ళిని ఆశీర్వదించింది, ఈ ఇంటి పిల్లకు మొదటి ప్రార్థన నేర్పింది ఆయనే. చేతికర్ర గోడకు చేర్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"చెప్పండి గురువుగారూ" అంది అత్తగారు కుర్చీలోంచే. "ఇది హత్య కాదా? నా కోడలికి మీరే చెప్పండి."

"ప్రాణం మనం సంపాదించుకున్నది కాదమ్మా. ఆయన ఇచ్చాడు, ఆయనే తీసుకోవాలి. మనిషి చేత్తో మనిషి ప్రాణం తియ్యడం పాపం. నా జీవితమంతా అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను."

అత్తగారు కోడలి వైపు చూసింది. ఇన్ని రోజుల్లో చూడటం అదే మొదలు.

ఆమె తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పెద్దవాళ్ళ ముందు ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి. "గురువుగారూ, దేవుడు ఆ చలికాలమే ఈయన్ని తీసుకెళ్ళబోయాడు. వెళ్ళనివ్వకుండా ఆపింది నేను. ఆ గొట్టం వెయ్యమన్నది నేను. అప్పుడు దేవుడి పనికి అడ్డం పడితే పుణ్యం, ఇప్పుడు అడ్డం తీస్తే పాపమా? నాకు పెద్ద చదువు లేదు, తెలియక అడుగుతున్నాను."

ముసలాయన తల వంచుకుని ఆలోచించాడు.

"మా పెద్దలు రాసిపెట్టిన రోజుల్లో ఇలాంటి మిషన్లు లేవు తల్లీ. ప్రాణం తియ్యకూడదని రాశారు. పోయే ప్రాణాన్ని ఎంతదాకా పట్టుకు వేలాడాలో రాయలేదు. కొందరు గురువులు ఆపవచ్చంటారు, కొందరు కూడదంటారు. నేను చదివినంతలో, చంపడం వేరు, చావుకి దారి వదలడం వేరు. కానీ ఆ రెండిటి మధ్య గీత సరిగ్గా ఎక్కడుందో ప్రమాణం చేసి చెప్పమంటే... చెప్పలేను." తరవాత మాస్టర్ వైపు వంగాడు. "బాబూ, నిన్ను ఒకటి అడుగుతాను. నువ్వు వెళ్తానంటున్నది, వీళ్ళకి భారమయ్యాననా?"

మాస్టర్ కళ్ళు చాలాసేపు కదల్లేదు. తరవాత మెల్లగా పైకి లేచాయి. అవును.

ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది.

"అయితే నేను ఒప్పుకోను" అన్నాడు ముసలాయన. "ఇంటివాళ్ళ అలసట చూసి నువ్వు పోవడం ధర్మం కాదు. ముందు ఆ అలసట తీర్చాలి. అది మందిరం పని కూడా. ఇన్నాళ్ళూ మేము పట్టించుకోలేదు."

ఆ ముసలాయన, ఆ డాక్టరమ్మ ఒకరినొకరు ఎరగరు. ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారు. ఆమె ఆ రోజంతా కత్తిరించిన గుడ్డను ముందేసుకుని, ఒక్క కుట్టు కూడా వెయ్యకుండా కూర్చుంది.

*

గురువుగారు మాట నిలబెట్టుకున్నాడు. మందిరం నుంచి ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి పగలంతా మాస్టర్ని చూసుకునేవారు. డాక్టరమ్మ దిగులుకు మందు రాసింది, తుంటిలో ఎవరూ కనిపెట్టని నొప్పి ఒకటుంటే దానికీ మందిచ్చింది. కొత్త బ్యాటరీ వచ్చింది. మంచాన్ని ముందుగదిలోకి, కటింగ్ బల్ల పక్కకు మార్చారు. అత్తగారి కుర్చీ కూడా ప్లగ్గు వెంటే ముందుగదికి వచ్చింది.

అవి మంచి రోజులు. ఆ ఇంట్లో మళ్ళీ మంచి రోజులనేవి వస్తాయని ఆమె అనుకోలేదు. కూతురు కత్తెర పట్టింది. తండ్రి కళ్ళతో దిద్దేవాడు. సుద్దముక్క ఇటా నాన్నా, అటా? ఇంకా లోపలికా? చంక దగ్గర వదలాలా? పిల్ల మొట్టమొదటి కోటు కత్తిరించి కుట్టించి, దాన్ని తొడుక్కున్న ఆసామి అద్దంలో అటూ ఇటూ తిరుగుతుంటే, మాస్టర్ అట్ట మీద చెప్పాడు. "ఎడమ భుజం దిగింది. ఆయనదే. పిల్లది తప్పు లేదు." ఆసామితో సహా అందరూ నవ్వారు. ఆమె చాలా కాలం తరవాత కంటినిండా నిద్రపోయింది. మొహంలో కళ కనిపించింది. ఇక ఆ మాట రాదనుకుంది. దేవుడు దారి చూపించాడనుకుంది.

ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. ఆమె భర్త గడ్డం గీసి, తడిగుడ్డతో తుడుస్తోంది. అతని కళ్ళు అట్ట వైపు తిరిగాయి. తీసి పట్టుకుంది.

"బాగుంది. ఇప్పుడు తీసేయమను."

ఆమె తడిగుడ్డ పక్కన పెట్టింది. "ఏమండీ... ఇప్పుడేగా అంతా చక్కబడింది. నేను అలిసిపోవడం లేదు. చూడండి, నేను బాగున్నాను. ఇంకెందుకండీ?"

అతను మళ్ళీ అట్ట అడిగాడు. ఈసారి చాలాసేపు పట్టింది. ఎడమ కనురెప్ప సగంలో ఆగిపోతోంది, పైకి లేవాలంటే తంటాలు పడుతోంది. వారం పదిరోజులుగా ఆమె దాన్ని చూస్తూనే ఉంది. అలసటేలే అనుకుని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"కళ్ళు పోతున్నాయి. అవి కూడా పోతే నన్ను ఎవరు అడుగుతారు?"

రేపో ఎల్లుండో ఆ రెప్పలు కూడా ఆగిపోతే, లోపల అతను మేలుకునే ఉంటాడు. దురద పుడితే చెప్పలేడు. నొప్పి పుడితే చెప్పలేడు. వద్దు అని చెప్పలేడు. వినడానికి చెవులుంటాయి, ఆలోచించడానికి మనసుంటుంది, మిషను మాత్రం ఏళ్ళ తరబడి ఊపిరి కొడుతూనే ఉంటుంది. తాళం వేసిన గదిలో మనిషిని మరిచిపోయినట్టు...

మంచం మీదికి వంగి అతని నుదుటికి నుదురు ఆనించింది. "మీ కోసమేనా?" అని అడిగింది. "నా కోసం కాదుగా? నా మీద ఒట్టేసి చెప్పండి."

కళ్ళు పైకి లేచాయి. ఎడమది కొంచెం ఆలస్యంగా.

డాక్టరమ్మ వచ్చి అడిగింది. ఆసుపత్రి నుంచి మరో ఇద్దరు డాక్టర్లు వేరు వేరుగా వచ్చి, ఇంటివాళ్ళను బయటకు పంపి అడిగారు. ఒకరోజు కాదు, రోజులు మార్చి, మాటలు మార్చి అడిగారు. అదే జవాబు. గురువుగారు వచ్చి తన పాత ప్రశ్నే మళ్ళీ వేశాడు. భారమనా? ఈసారి మాస్టర్ కళ్ళు మూసుకున్నాడు. కాదు. ముసలాయన అతని చేయి తన చేతుల్లోకి తీసుకుని కాసేపు కూర్చున్నాడు. "దీవించమని అడక్కు బాబూ, నా వల్ల కాదు. కానీ ఆ రోజు వస్తాను. ఒంటరిగా వెళ్ళనివ్వను" అన్నాడు.

ఇక మిగిలింది గోడకు వీపు ఆనించుకుని కూర్చున్న ముసలావిడ.

కోడలు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "అత్తయ్యా, అట్టని మీరు నమ్మనక్కర్లేదు. నన్నూ నమ్మనక్కర్లేదు. ఆయన్ని మీరే అడగండి. మీకు ఆయన కళ్ళు తెలుసు. నేనూ పిల్లా బయటికెళ్తాం."

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "నేనడగను."

"ఎందుకత్తయ్యా?"

"ఏమంటాడో తెలుసు గనక." తలుపు దగ్గరున్న మనవరాలికి కూడా వినిపించనంత మెల్లగా అంది. "రెండేళ్ళ నుంచి తెలుసు. ఆకలా అని అడిగితే నా వైపు చూసే చూపులోనే తెలుసు. అడిగితే వాడు చెప్పేస్తాడని అడగలేదే..."

కోడలు ఆమె మోకాళ్ళ మీద తల పెట్టింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఒకరినొకరు ఓదార్చుకోలేదు.

ఆమె, కూతురు వీధి అరుగు మీద కూర్చున్నారు. రోడ్డు మీద సైకిలు గంటలు, ఎదురింటి రేడియో, మామూలు సాయంత్రం. లోపల ముసలావిడ గొంతు సన్నగా వినిపించింది, మాటలు వినపడలేదు. మధ్యలో ఆగింది. మళ్ళీ వినిపించింది. మళ్ళీ ఆగింది. ఎన్నిసార్లు అడిగిందో ఆ తల్లికే తెలియాలి.

తలుపు తెరుచుకుంది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను ఒప్పుకోలేదు. రేపు ఎవరడిగినా, వాళ్ళమ్మ ఒప్పుకుందని మాత్రం చెప్పకండి. నా నోటితో ఆ మాట రాదు." ఊపిరి తీసుకుంది. "కానీ అడ్డం కూర్చోను. వాడు అడిగాడు, కుర్చీ తీసేశాను."

*

ఆ రోజు ఉదయం కొట్టు తెరవలేదు. ఆమె భర్తకు తలంటి, తల దువ్వి, ఆయన తన కోసం తాను కత్తిరించుకున్న తెల్ల చొక్కా తొడిగింది. వీపు వైపు చీల్చి తొడగాల్సి వచ్చింది. కత్తెర పెట్టేటప్పుడు ఆమె చేయి ఆగిపోతే, కూతురు అందుకుని గీత గీసినట్టు నీటుగా కోసింది. అది చూసి ఆయన కళ్ళు పైకి లేచాయి. ఎవరూ ఏమీ అడగకుండానే.

డాక్టరమ్మ మందు ఎక్కించి, కాసేపు ఆగి, వంగి అడిగింది. "మాస్టర్ గారూ, ఇప్పుడైనా వద్దనుకుంటే చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు. మేమంతా టీ తాగి ఇళ్ళకు పోతాం."

కళ్ళు పైకి లేచాయి. వద్దనుకుంటున్నట్టా, వెళ్తానన్నట్టా? డాక్టరమ్మ తడబడి, మళ్ళీ సూటిగా అడిగింది. "మిషను ఆపమంటారా?"

అవును.

"నేను ఆపనా అమ్మా?" అని ఆమె అడిగింది. "ఆ రోజు వెయ్యమంది నేనేగా."

"వద్దు. ఇది నా ఉద్యోగం. మీ చేతులు ఆయన దగ్గర ఉండాలి" అంది డాక్టరమ్మ.

తల్లి ఒక వైపు, భార్య ఒక వైపు, కూతురు పాదాల దగ్గర. గురువుగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ప్రార్థన చదువుతూ ఉన్నాడు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో రాత్రీ పగలూ వినిపించిన చప్పుడు ఆగింది. అయితే ఆయన ఛాతీ కదిలింది. తనంతట తానుగా చిన్న ఊపిరి. ఇంకొకటి.

"చూడండమ్మా" అంది ముసలావిడ. మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "చూడండి, వాడే తీసుకుంటున్నాడు. నా బిడ్డ తీసుకుంటున్నాడు..."

డాక్టరమ్మ వచ్చి ఆవిడ భుజం మీద చేయి వేసింది. ఆ ఊపిరులు దూరం దూరంగా జరిగాయి. ఎటు చూడాలో తెలియనట్టు మాస్టర్ కళ్ళు తల్లి నుంచి భార్యకు, భార్య నుంచి కూతురికి తిరిగి, సగం మూసుకున్నాయి. మరో ఊపిరి కోసం అందరూ చూశారు. చాలాసేపు చూశారు.

ముసలావిడ కొడుకు ఛాతీ మీద నుంచి చేయి తియ్యలేదు. చల్లబడేదాకా తియ్యలేదు.

*

లోకం ఊరుకోదు. మందిరంలో కొందరు పక్కకు జరిగి కూర్చునేవారు. వీధి చివర కొట్లో ఎవరో, "ఇంకా ఎన్నాళ్ళు చేస్తుందిలే, విసిగిపోయి ఆపించేసింది" అన్నారట. ఆ మాట ఆమె చెవినా పడింది. పడ్డ ప్రతిసారీ ఆమె లోపల ఏదో గొంతు, నిజమేనేమో, అనేది. నిజం కాదని ఆయన కళ్ళు చెప్పాయి కదా అని తనకు తాను చెప్పుకునేది. ఒక్కోరోజు ఆ సాక్ష్యం చాలేది, ఒక్కోరోజు చాలేది కాదు.

అత్తగారు మళ్ళీ మౌనంలోకి వెళ్ళిపోయింది. ఒకరోజు గౌను కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ, ముసలావిడ మూలన కూర్చుని ఉన్న సంగతి గమనించక, టేపు చుట్టించుకుంటూ అంది. "అయినా నీ గుండె గట్టిదే. నేనైతే మా ఆయన్ని అలా వదులుకోలేకపోయేదాన్ని."

ఆమె టేపు మీది అంకె కాగితం మీద రాసుకుంది. మూలనుంచి గొంతు వచ్చింది.

"దాన్నేమీ అనకు. అడిగింది నా కొడుకు. వాణ్ణి ఆఖరున అడిగినదాన్ని నేను. వాడికి గాలిబుడ్డ నొక్కి నొక్కి దాని వేళ్ళు కొంకర్లు పోయాయి, నేను చూశాను. వదులుకోవడమంటే ఏమిటో నీకు తెలియకూడదనే కోరుకుంటున్నాను. కొలతలిచ్చి వెళ్ళు."

ఆవిడ వెళ్ళిపోయాక ఆమె వచ్చి అత్తగారి ముందు కూర్చుంది. ముసలావిడ ఆమె చేయి లాక్కుని, అరచేయి తెరిచి, వేళ్ళు ఒక్కొక్కటే నిమరసాగింది.

"రోజూ దేవుణ్ణి క్షమించమని అడుగుతున్నానే" అంది.

"నా కోసమా అత్తయ్యా?"

"నీ కోసమని మొదలుపెట్టాను. తరవాత నన్నూ కలుపుకున్నాను. మనం చేసింది తప్పో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. గురువుగారికీ తెలీదు, ఆ డాక్టరమ్మకీ తెలీదు." ముసలి కళ్ళలో నీళ్ళు నిలిచాయి, జారలేదు. "తప్పు కాకపోతే మంచిదే. తప్పే అయితే, నువ్వొక్కదానివే మొయ్యకు. సగం నాది."

అతను పోయిన రోజున కూడా ఏడవని ఆమె, ఆ మాటకు వెక్కి వెక్కి ఏడ్చింది.